మడమ నొప్పికి షాక్‌వేవ్ అంటా ఉండారు, చేయించుకోవచ్చా?

దోసెల_పెనం

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, వేదాయపాలెంలో చిన్న టిఫిన్ సెంటరు, నేనూ మా ఆయనా నడుపుకుంటా ఉండాం. నాకు 43. తెల్లారుజామున మూడున్నరకి లేస్తే పదకొండు దాకా పెనం కాడే నిలబడాల, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా. కింద గ్రానైట్ బండలు, నీళ్ళు పడితే చెప్పులు జారతాయని ఉత్త కాళ్ళతోనే నిలబడతా.

ఏడు నెలల నుంచి కుడి మడమ నొప్పి. రొట్టెల పండగ అప్పుడు స్వర్ణాల చెరువు కాడ అంగడి ఏసి ఐదు రోజులు నిలబడ్డాం, అప్పట్నుంచి పట్టుకునింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు ఏస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటాది, గోడ పట్టుకోని బాత్రూమ్ దాకా పోతే కాస్త సర్దుకుంటాది, తర్వాత పనిలో పడితే తెలియదు, ఏదో నాలుగు మెతుకులు తిందామని కూర్చోని లేచామా మళ్ళీ మొదటికే.

ఆస్పత్రులుండే పొగతోట సెంటర్లో చూపించుకుంటే ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందమ్మా అన్నారు, ఫిల్మ్‌లో నాకు కూడా కనపడింది, చిన్న ముల్లు లాగా. మాత్రలు వాడినా, సిలికాన్ హీల్ కప్పు వాడినా, ఫిజియో కాడ తడి గుడ్డలు చుట్టి కరెంటు పెట్టించుకున్నా పది రోజులు. రెండున్నర నెలల కింద మడమలోకి ఇంజక్షన్ ఏశారు, దేవుడు కనపడ్డాడు ఆ నొప్పికి, కానీ ఐదు వారాలు సుఖంగా ఉండా. తర్వాత మామూలే.

ఇప్పుడు ఇంకో ఇంజక్షన్ వద్దులే, షాక్‌వేవ్ ఏపిద్దాం, వారానికి ఒకటి చొప్పున ఐదు సిట్టింగులు అంటా ఉండారు, సిట్టింగు 1200. అంటే ఆరు వేలు. డబ్బు సంగతి అట్టుంచితే నా భయం ఏందంటే షాక్ అంటే కరెంటు షాకేనా? ఎముక పగలగొడతారా? నాకు షుగర్ కూడా ఉండాది ఆరేళ్ళ నుంచి. మీలో ఎవురన్నా చేయించుకోని ఉంటే నిజం చెప్పండి, తగ్గిందా లేదా.

---

పెన్నగట్టు

అక్కా ఆరు వేలు ఎందుకు తగలెయ్యడం. మా జేజికి ఇదే నొప్పి, ఇటిక రాయి పొయ్యిలో బాగా కాల్చి, దాని మీద జిల్లేడాకులు రెండు పరిచి, ఆకు మీద మడమ ఆనిచ్చి పెట్టేది, ఆకు చుయ్యిమనేది. వారం చేస్తే పోయింది. మన పెద్దోళ్ళకి తెలియనిదా.

---

ఒంగోలు_ఫిజియో

ముందు ఇటిక రాయి గురించి. పెన్నగట్టు తమ్ముడూ, మీ జేజికి షుగర్ లేదు కాబట్టి సరిపోయింది. ఈ అక్కకి ఆరేళ్ళుగా షుగర్ ఉంది. షుగర్ వాళ్ళకి అరికాలు కాస్త మొద్దుబారి ఉండొచ్చు, కాలేది కూడా తెలియదు, బొబ్బ లేచాక చూసుకుంటారు, ఆ బొబ్బ పుండై, పుండు మానక కాలు దాకా పోయిన వాళ్ళని నేను వార్డులో చూశా. వేడి ఇటిక, వేడి ఇసుక మూట, హీటింగ్ ప్యాడ్ ఏదీ వద్దు అక్కా.

ఇక షాక్‌వేవ్. నేను ఒంగోల్లో ఫిజియోథెరపిస్టుని, పదకొండేళ్ళ నుంచి చేస్తున్నా, మా దగ్గర ఈ మిషన్ ఉంది, కాబట్టి నేను చెప్పేది కాస్త తగ్గించి నమ్మినా ఏమనుకోను. ఇది కరెంటు షాక్ కాదు. మీరు తడి గుడ్డలతో పెట్టించుకున్నది కరెంటు, ఇది వేరు. ఇది శబ్దానికి చుట్టం లాంటిది, ఒత్తిడి అల. చెరువు గట్టు మీద బట్టలుతికే బండని ఇవతల ఒక దెబ్బ కొడితే అవతల చెయ్యి పెట్టినోడికి అదురు తెలుస్తది చూడండి, అట్టాంటి అదురుని కండరంలోకీ, నరం కాదు, ఎముకకి అంటుకున్న నారలోకీ పంపిస్తారు.

దీని పుట్టుక కిడ్నీ రాళ్ళ దగ్గర. జర్మనీలో డోర్నియర్ అని విమానాల కంపెనీ ఉండేది, శబ్దం కన్నా స్పీడుగా పోయే విమానానికి వాన చినుకు తగిలితే రేకు ఎందుకు దెబ్బ తింటోందని చూస్తా చూస్తా ఈ అలల సంగతిలోకి దిగారు. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి కిడ్నీలో రాయిని కోత లేకుండా ఈ అలలతో పగలగొట్టారు. మీ నెల్లూర్లో ఎవరన్నా "లిథోట్రిప్సీ చేయించుకున్నా" అంటే అదే. తర్వాత ఎముక మీద ఈ అల పడితే కొత్త ఎముక పుట్టడం మొదలవుతోందని గమనించి, అతుక్కోని ఎముకలకి వాడి చూశారు, ఆ తర్వాత మడమకి, భుజానికి, మోచేతికి వచ్చింది. అమెరికాలో మందులకీ మిషన్లకీ అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ 2000 లో మడమ నొప్పికి, 2003 లో మోచేతి నొప్పికి ఒప్పుకుంది. మొన్న ఎవరో వాట్సాప్‌లో కొత్తగా వచ్చిన టెక్నాలజీ అని పెట్టారు, పాతికేళ్ళ పాతది.

ఎముక పగలగొడతారా అని అడిగారు. పగలగొట్టరు, ఆ ముల్లు కూడా పోదు. ఇది చాలామందికి మింగుడు పడదు. ఆ ముల్లు నొప్పి లేని వాళ్ళకి కూడా ఉంటది, నొప్పి ఉన్న వాళ్ళలో కొందరికి ముల్లే ఉండదు. మీరు చెప్పిన మొదటి అడుగు నొప్పి ఉంది చూడండి, అది అరికాలు కింద మడమ నుంచి వేళ్ళ దాకా విల్లు తాడు లాగా బిగించి ఉండే పొరది, ప్లాంటర్ ఫేషియా అంటారు. రాత్రంతా వదులుగా ముడుచుకుని ఉండి పొద్దున ఒక్కసారి లాగితే మడమ దగ్గర పీకుతది. నెలల తరబడి అట్టానే ఉంటే ఆ పొర వాపు దశ దాటిపోయి చివికిన తాడు లాగా అయ్యి, మానే పని మానేస్తది. షాక్‌వేవ్ దెబ్బలు ఆ చోట చిన్న కదలిక తెచ్చి రక్తం ఆడేట్టు చేసి, ఆగిపోయిన మానే పనిని మళ్ళీ మొదలుపెట్టిస్తయి, నొప్పి మోసే నరాల జోరు కూడా తగ్గిస్తయి. ఎట్టా పని చేస్తుందో అనే దాని మీద ఇంకా వాదనలు ఉన్నయి, ఉన్న మాట చెప్పాలి.

మిషన్లు రెండు రకాలు, ఇది అడగండి. ఒకటి రేడియల్, కంప్రెసర్ గాలితో గన్ లోపల చిన్న ఇనప గుండు ముందుకు దూసుకొచ్చి మొనకి కొట్టుకుంటది, ఆ దెబ్బ చర్మం దగ్గర ఎక్కువ ఉండి లోపలికి పోయే కొద్దీ పలచబడతది. రెండోది ఫోకస్డ్, భూతద్దంతో ఎండని ఒక చోటికి తెచ్చినట్టు అలని లోపల ఒకే బిందువు దగ్గర కలుపుతది, లోతుగా ఉన్న వాటికి అది మేలు. మన ఊళ్ళలో సిట్టింగు వెయ్యి పన్నెండొందలకి చేసేది దాదాపు అంతా రేడియలే. మడమకి రేడియల్ సరిపోతది, దాని గురించి దిగులు పడొద్దు.

సిట్టింగుకి 2000 దెబ్బలు దాకా వేస్తారు. సెకనుకు 10 చొప్పున వేస్తే మూడున్నర నిమిషాల్లోపే అయిపోతది, జెల్లీ రాసి చోటు వెతికి అంతా కలిపి పావుగంట. నొప్పి ఉంటది, అబద్ధం చెప్పను. కానీ మీ నొప్పే మాకు దారి, ఎక్కడ నొక్కితే "అమ్మా అదే" అంటారో అక్కడే కొట్టాలి, అందుకే తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి చేస్తే ఫలితం తగ్గుతది. అందుకే మీ షుగర్ సంగతి కూడా ముఖ్యం, అరికాలికి సన్న దారం లాంటిది ఆనించి తెలుస్తోందా అని టెస్ట్ చేస్తారు, అది చేయించుకున్నాకే మొదలుపెట్టండి. స్పర్శ బాగా ఉంటే షుగర్ ఉన్నా చేసుకోవచ్చు, షుగర్ అదుపులో లేకపోతే మాత్రం మానడం లేటవుతది.

ఇంజక్షన్ వేసి రెండున్నర నెలలు అయింది కాబట్టి ఇబ్బంది లేదు, ఆరు వారాల్లోపు అయితే ఆగమంటాం. ఇంకో ఇంజక్షన్ వద్దన్న మీ డాక్టరు మాట నాకు నచ్చింది, మాటిమాటికీ వేస్తే ఆ పొర తెగొచ్చు, మడమ కింద ఉండే కొవ్వు దిండు అరగొచ్చు, ఆ దిండు పోతే మళ్ళీ తెచ్చేవాడు లేడు.

ఇప్పుడు అసలు మాట. గ్రానైట్ బండ మీద ఉత్త కాళ్ళతో రోజుకి పన్నెండు గంటలు నిలబడతా ఉంటే ఐదు కాదు యాభై సిట్టింగులు చేసినా మేం వసూలు చేసుకోవడమే.

---

దోసెల_పెనం

అన్నా ఎంత ఓపిగ్గా రాశారు, మా ఆయనకి చదివి వినిపించినా. పాత మాత్రలన్నీ ఆపేయాలా? మా ఆయన అడగమంటా ఉండాడు, నొప్పి మాత్రలు ఏసుకోని సిట్టింగుకి పోతే తట్టుకుంటావు గదా అని. ఇంకోటి, నాకు గుండె డాక్టరు రోజూ ఒక ఆస్పిరిన్ రాశాడు, చిన్నది, 75. దానికీ దీనికీ సంబంధం ఉంటాదా?

---

ఒంగోలు_ఫిజియో

ఉంటది. ఆస్పిరిన్ మాట చేసే వాళ్ళకి ముందే చెప్పండి. రక్తం పలచన చేసే మందుల మీద ఉన్నవాళ్ళకి చర్మం కింద కమిలి నల్లబడొచ్చు, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళకైతే మేం మొదలే పెట్టం. చిన్న ఆస్పిరిన్ అయితే చాలామంది తక్కువ ప్రెషర్‌తో చేస్తారు, ఆ నిర్ణయం మీ డాక్టరుది. మీ అంతట మీరు గుండె మాత్ర ఆపొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

నొప్పి మాత్రలు, డైక్లో లాంటివి, సిట్టింగుల రోజుల్లో వద్దంటాం, మనం మానే పని రేపుతా ఉంటే అది ఆర్పుతా ఉంటది. మరీ తట్టుకోలేకపోతే పారాసిటమాల్. ఐస్ కూడా పెద్దగా పెట్టొద్దు.

---

కావలి_లెక్కల_సారు

నేను చేయించుకున్నాను, మడమకి కాదు కుడి భుజానికి, అయినా చెప్తాను ఎందుకంటే "తగ్గిందా లేదా" అని అమ్మాయి సూటిగా అడిగింది.

నాది లెక్కల సబ్జెక్టు, బోర్డు మీద పై వరసలో రాయడానికి చెయ్యి లేవదు, పిల్లలు "సార్ కింద రాస్తున్నారు కనపడట్లేదు" అనేవాళ్ళు, కొన్నాళ్ళు ఎడమ చేత్తో కుడి మోచెయ్యి ఎత్తి పట్టుకుని రాశాను, నవ్వులాట కాదు నిజంగా. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకుంటే ప్రాణం పోయేది. ఎక్స్‌రేలో భుజం ఎముక పైన సున్నపు ముద్ద లాగా తెల్లగా కనపడింది, కందిగింజ కన్నా కాస్త పెద్దది. దాన్ని కాల్సిఫిక్ టెండినైటిస్ అంటారట, నారలో కాల్షియం పేరుకోవడం. నేను కాల్షియం మాత్రలు వేసుకున్నందుకు వచ్చిందేమో అని మా ఆవిడ అవి దాచిపెట్టింది, డాక్టరు నవ్వి దానికీ దీనికీ సంబంధం లేదమ్మా అన్నాడు.

లోతుగా ఉంది ఫోకస్డ్ అయితే మేలు అని చెప్తే పినాకిని ఎక్కి చెన్నై వెళ్ళాను, మూడు వారాలు మూడు సార్లు. ఫిజియో గారు చెప్పిన గుండు టకటక కాదు అది, నాకు చేసిన మిషన్‌లో జెల్లీ నింపిన మెత్తటి దిండు లాంటిది భుజానికి ఆనించి, ముందు అల్ట్రాసౌండ్‌లో ముద్ద ఎక్కడుందో చూసి పెన్నుతో గుర్తు పెట్టి కొట్టారు. శబ్దం టప్ టప్ అని గడియారం లాగా, లోపల ఎముక మీద ఎవరో వేలి మెటికతో కొడుతున్నట్టు. ఓర్చుకోగలిగినంతే.

రెండో సిట్టింగు అయిన రాత్రి మాత్రం చెప్పలేను. రైలు దిగి ఇంటికి వచ్చాను, పది గంటల నుంచి మొదలైంది, తెల్లార్లూ వరండాలో కుర్చీలో కూర్చున్నాను, మర్నాడు కూడా అంతే, ఈ మిషన్ నా భుజం చెడగొట్టింది అని డాక్టరుకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను కూడా. ఆయన నిదానంగా, ఆ సున్నం కరిగేటప్పుడు కొందరికి అట్టా వస్తుంది సార్ ఓపిక పట్టండి అన్నాడు. మూడో రోజుకి దిగింది. నాలుగు నెలలకి ఎక్స్‌రే తీయిస్తే ముద్ద పలచబడి మబ్బు తునక లాగా ఉంది. ఇప్పుడు బోర్డు పై వరసలోనే రాస్తున్నాను. అయితే సిట్టింగులు అయిన రోజే తగ్గలేదు, నెలన్నర పట్టింది. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు, నాలుగో రోజుకే డబ్బులు పోయాయని ఏడుస్తాం.

---

గుంటకాడ

సారుది తగ్గింది, నాది తగ్గలా, నాదీ రాసుకోండి.

ఇందుకూరుపేట పక్కన మాకు రొయ్యల గుంటలు. రోజుకు నాలుగు సార్లు మేత, తెప్ప మీద నిలబడి ఇసరాల, కుడి చేత్తోనే. రెండేళ్ళకి మోచెయ్యి బయట పక్క నొప్పి పట్టుకునింది, చెంబు ఎత్తితే జారిపోతా ఉండాది. టెన్నిస్ ఎల్బో అన్నారు, నేను టెన్నిస్ బ్యాట్ మొకం కూడా చూడలా. ఐదు సిట్టింగులు ఏయించుకున్నా, ఒక్కో దెబ్బకి ఏళ్ళ దాకా జివ్వుమనేది. ఏమీ తగ్గలా. ఆరు వేల ఐదొందలు గుంటలో ఏసినట్టే, గుంటలో ఏసుంటే కనీసం రొయ్యలు తినుండేవి.

తర్వాత ఏడెనిమిది నెలలకి అదే తగ్గింది, మా తమ్ముడు మేత ఏస్తా ఉండాడు ఇప్పుడు, నేను లెక్కలు చూసుకుంటా ఉండా. మరి నా దానికి మందు మా తమ్ముడే అనుకోవాల.

---

ఒంగోలు_ఫిజియో

గుంటకాడ అన్న చెప్పింది నేను కాదనను. మోచేతి విషయంలో పరిశోధనలు రెండు రకాలుగా వచ్చినయి, కొన్నిట్లో పని చేసింది, కొన్నిట్లో ఉత్త మిషన్ ఆనించి పెట్టిన వాళ్ళకీ అసలు దెబ్బలు తిన్న వాళ్ళకీ తేడా రాలేదు. పైగా మోచేతి నొప్పి చాలామందికి ఏడాది లోపల దానంతట అదే తగ్గుతది, బరువు పని తగ్గిస్తే ఇంకా తొందరగా. భుజంలో కాల్షియం ముద్దకి కొంచెం గట్టి పేరే ఉండేది, కానీ 2020 లో కాక్రేన్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు భుజం నొప్పి మీద ట్రయల్స్ అన్నీ కలిపి చూసి పెద్ద లాభం కనపడలేదు అన్నారు. సారుకి తగ్గింది, సంతోషం, సారు లాంటి వాళ్ళని నేనూ చూశా, అందరికీ అట్టా అవుతదని మాత్రం రాసివ్వలేను. మడమ మాటకొస్తే, ఆరు నెలలు దాటి మిగతావన్నీ చేసి చూసిన వాళ్ళకి వేసి చూడటం న్యాయమే అని నా లెక్క. నెల రోజుల నొప్పితో వచ్చినోళ్ళని నేను వెనక్కి పంపిస్తా, మా ఓనరుకి కోపం వచ్చినా సరే.

---

కనిగిరి_అమ్మాయి

ఈ థ్రెడ్ చదివాక రాయకుండా ఉండలేకపోయా. మా నాన్నకి నడుము, మోకాళ్ళు, మెడ, అన్నీ బిగుసుకుపోయి వంగి చెప్పు తొడుక్కోలేడు. ఒక ఊరిలో, పేరు ఎందుకులే, ఒక సెంటర్ వాళ్ళు షాక్‌వేవ్ ప్యాకేజీ పది సిట్టింగులు, ముందే మొత్తం కడితే రెండు ఫ్రీ అన్నారు. కట్టేశాం. ఎక్స్‌రే లేదు, రక్త పరీక్ష లేదు, ఎక్కడ నొప్పి అంటే అక్కడ గన్ పెట్టి కొట్టారు, ఒక రోజు నడుము, ఒక రోజు మోకాలు. ఎనిమిది అయ్యేసరికి నాన్న నేను రానమ్మా అన్నాడు. మిగతావి తిరిగివ్వమంటే ఆఫర్ ప్యాకేజీకి రిఫండ్ లేదన్నారు.

తర్వాత ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన మొదటి మాటగా మీది ఏ ఊరు, ఏ నీళ్ళు తాగుతారు అని అడిగాడు. మోకాలు చూపిస్తే ముంజేయికి ఎక్స్‌రే తీయమన్నాడు, ఇదేంది ఈయన కూడా అట్టాంటోడేనా అనుకున్నాం. ఫిల్మ్ లైటు మీద పెట్టి చూపించాడు, ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర, అది మెత్తగా ఉండాల్సింది, ముళ్ళ కంప లాగా ఎముక కట్టి ఉంది. ఫ్లోరోసిస్ అన్నాడు. మా ఊరి బోరు నీళ్ళే. ముప్ఫై ఏళ్ళు తాగాడు నాన్న. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదట ఫ్లోరైడు, మా కనిగిరి పక్క పల్లెల బోర్ల సంగతి మీకు నేను చెప్పాలా, పిల్లల పళ్ళు చూస్తే తెలుస్తుంది.

దానికి షాక్‌వేవ్ ఏం చేస్తుంది చెప్పండి. ఒళ్ళంతా నారలు ఎముకైపోతుంటే ఒక చోట కొడితే ఏంటి. మా పడమటి వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, నడుమూ మెడా కలిసి బిగుసుకుంటుంటే ముందు నీళ్ళ టెస్ట్ చేయించండి, డబ్బు కట్టే ముందు నొప్పి పేరు కాయితం మీద రాసివ్వమనండి. నాన్న ఇప్పుడు క్యాన్ నీళ్ళు తాగుతున్నాడు, కొత్తగా పెరగలేదు అంతే, పోయిన వంగే శక్తి తిరిగి రాలేదు.

---

ఒంగోలు_ఫిజియో

అమ్మాయీ, చాలా బాధేసింది. ఎక్స్‌రే లేకుండా "ఎక్కడ నొప్పి అంటే అక్కడ" చేసే వాళ్ళు ఉన్నారు, మా వాళ్ళలోనే, సిగ్గుగా ఉంది. ఎక్కడబడితే అక్కడ కొట్టేది కాదు ఇది. కడుపుతో ఉన్నవాళ్ళకి చెయ్యరు, ఆ చోట గడ్డ గానీ క్యాన్సర్ గానీ చీము గానీ ఉంటే చెయ్యరు, ఊపిరితిత్తుల మీద పడేట్టు చెయ్యరు, ఎదిగే పిల్లల్లో ఎముక పెరిగే చోట చెయ్యరు. ఎక్స్‌రే అడిగేది ముల్లు చూడటానికి కాదు, వీటిలో ఏదన్నా దాక్కుని ఉందేమో అని.

దోసెల అక్కా, సిట్టింగుల సంగతి మీ ఇష్టం, కానీ ఈ రెండు మాత్రం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి, పైసా ఖర్చు లేదు. పొద్దున మంచం దిగక ముందే కాలు మీద కాలేసుకుని, నొప్పి కాలి వేళ్ళు చేత్తో పట్టి మీ వైపుకి వెనక్కి లాగండి, రెండో చేత్తో అరికాలు తడిమితే తాడు బిగిసినట్టు తగలాలి, తగిలిందంటే సరిగా చేస్తున్నట్టు. పది లెక్కపెట్టేదాకా ఉంచి వదలండి, అట్టా పది సార్లు, రోజుకి మూడు పూటలు. మొదటి అడుగు దాని తర్వాతే.

రెండోది మెట్టు మీద. తువ్వాలు చుట్టి వేళ్ళ కింద పెట్టుకుని, మెట్టు అంచున నొప్పి కాలు ఒక్కదాని మీదే నిలబడి గోడ పట్టుకుని, మూడు లెక్కపెడతా మడమ పైకి, పైన రెండు లెక్కలు ఆగి, మూడు లెక్కపెడతా కిందకి. పన్నెండు సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. డెన్మార్క్ వాళ్ళు 2014 లో దీన్ని ఉత్త సాగదీతతో పోల్చి చూస్తే మూడు నెలలకి దీనిదే పైచేయి అయింది. మొదట్లో నొప్పి కాస్త పెరుగుద్ది, మరీ పెరిగితే రెండు కాళ్ళ మీద చేయండి.

పెనం దగ్గర కాళ్ళ కింద మాత్రం ఏదో ఒకటి వెయ్యండి తల్లీ.

---

పెన్నగట్టు

ఫిజియో అన్నా ఇటిక రాయి మాట వెనక్కి తీసుకుంటా ఉండా. జేజిని అడిగినా, వారంలో పోయింది అనేది మా నాయన చెప్పిన మాట, జేజి ఏమో ఏడాది బాధపడ్డా లేరా అంటా ఉండాది.

---

దోసెల_పెనం

అందరికీ మళ్ళీ నమస్తే, చెప్పి పోదామని వచ్చినా, ఆరు వారాలు అయింది.

ముందు కాలు టెస్ట్ చేయించుకున్నా, చేప గాలం దారం లాంటిది ఆనించి కళ్ళు మూసుకోమన్నారు, పది చోట్లలో తొమ్మిది చెప్పినా, ఫరవాలేదు అన్నారు. ఆస్పిరిన్ మాట కూడా చెప్పినా, గుండె డాక్టరు దాన్ని ఆపబాకండి అన్నాడు, అందుకని వీళ్ళు మొదటి రోజు బాగా తగ్గించి పెట్టారు, మిషన్ గాలి ప్రెషర్ రెండు బార్లు కూడా లేదు.

మొదటి సిట్టింగులో నేను అరిచిన అరుపుకి బయట కూర్చున్న మా ఆయన లేచి తలుపు కాడికి వచ్చినాడు. రోడ్డు పగలగొట్టే మిషన్‌ని చిన్నది చేసి మడమకి పెట్టినట్టే ఉండాది, టకటకటక అని, పళ్ళు కూడా అదిరినాయి. ఆ పిల్ల, చేసే ఫిజియో పిల్ల, నొప్పి పదికి ఎంత మేడం అని అడగతానే ఉంటాది, ఎనిమిది అంటే కాస్త తగ్గిస్తాది, ఆరు అంటే మళ్ళీ పెంచతాది, తెలివైందే. ఐదొందలు దెబ్బలు అయ్యాక ఆ చోటు మొద్దుబారినట్టు అయ్యి తర్వాత ఓర్చుకున్నా. ఆ రోజూ మర్నాడూ పెనం కాడికి పోవద్దు అన్నారు, మా ఆయన ఏసినాడు దోసెలు, ఒకటి ఇండియా మ్యాపు ఒకటి శ్రీలంక మ్యాపు, కస్టమర్లు ఫోటోలు తీసుకున్నారు.

రెండోదానికి మడమ పక్కన కమిలింది, రూపాయి బిళ్ళంత, వారానికి పోయింది. ఐదోది పోయిన మంగళవారం అయింది.

ఎంత తగ్గింది అంటే, పొద్దున మొదటి అడుగు ముందు మేకు ఉండేది, ఇప్పుడు గులకరాయి ఉండాది. పోలేదు, చిన్నదైంది. గోడ పట్టుకోవడం మానేసినా. సాయంత్రం ఎనిమిది దాటినాక మాత్రం సలపరం ఉండాది. సారు చెప్పినట్టు ఇంకా టైం ఉండాది అంట, మూడు నెలలకి చూద్దాం అన్నారు.

అది షాక్‌వేవ్ వల్లనా, మంచం మీద ఏళ్ళు లాగడం వల్లనా, కింద మ్యాట్ వల్లనా అంటే నేను చెప్పలేను, గుంటకాడ అన్న తమ్ముడి లెక్కే నాది కూడా. మ్యాట్ ఏందంటే మా ఆడబిడ్డ వాళ్ళు కోవూరులో గేదెలకి కొట్టంలో ఏసే నల్ల రబ్బరు పరుపు ఒకటి మిగిలి ఉంటే కోయించి తెచ్చినాం, పెనం కాడ నేను నిలబడే చోటికి సరిగ్గా సరిపోయింది, మెత్తగా ఉంటాది, జారదు, మా ఆయన రోజూ బర్రె బర్రె అంటా ఉండాడు, అననీ.

మెట్ల మీద తువ్వాలుది ఒక కాలి మీద నాకు ఇంకా రాలా, ఎనిమిదికే పిక్క పట్టేస్తా ఉండాది ఫిజియో అన్నా, అట్టనే చెయ్యాలా ఆపాలా?

---

ఒంగోలు_ఫిజియో

ఎనిమిదితో ఆపి, వారానికి ఒకటి పెంచండి అక్కా. పిక్క మర్నాటికి సర్దుకుంటే పరవాలేదు, రెండు రోజులు ఉంటే మళ్ళీ రెండు కాళ్ళ మీదకి రండి. ఈసారి నెల్లూరు వస్తే ఆ శ్రీలంక దోసె ఒకటి కట్టివ్వాలి.